ఆశీర్వాదం కాకముందు

ఇందులో ఏది ముందు జరిగిందో, ఏది వెనక జరిగిందో నేను తారుమారు చేయవచ్చు. మొన్న పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచి మళ్లీ పాలు కొనుక్కొచ్చాను. అందుకే మిగిలింది కూడా పోకముందే రాస్తున్నాను. నేను బడికి పోయింది రెండేళ్లే. మిగతా చదువంతా పొట్లాలు విప్పి చదువుకున్న కాగితాలే.

మా ఊరు బచ్చన్నపేటకు దగ్గర. ఊరి చివర రేకుల కప్పుతో మా చర్చి. ప్రతి ఆదివారం పొద్దున సారమ్మ తాళం తీసి ఊడ్చేది. ఆడవాళ్లకు ఎడమ పక్క, మగవాళ్లకు కుడి పక్క ఈతచాపలు పరిచేది. బయట వేపకొమ్మకు వేలాడే రైలుపట్టా ముక్కను ఇనుప కడ్డీతో మూడుసార్లు కొట్టేది. ఆ మోత చెరువు అవతలి చేన్ల దాకా వినిపించేది.

మోత వినగానే వచ్చేవాళ్లు వచ్చేవారు. రాలేనివాళ్ల నీడలు వచ్చేవి.

పత్తి ఏరను పోయినా, దవాఖానలో పడుకున్నా, ఆ వేళకు మనసు ఇటు తిరిగితే చాలు. నీడ గడప దాటి వచ్చి తన జాగాలో కూర్చునేది. "ఈ వారం నీడనే పంపిన అక్కా, ఏమనుకోకు" అని మరునాడు చెప్పుకునేవాళ్లం. చివర ఆశీర్వాదం చెప్పగానే నీడలు లేచి ఎవరి కాళ్ల దగ్గరికి వాళ్లవి పోయేవి. ఆశీర్వాదం కాకముందు మనిషైనా, నీడైనా లేవకూడదు. అది మా చర్చి కట్టడి. సారమ్మ కొడుకు శ్యాం చిన్నప్పుడు మధ్యలో లేస్తే, ఆమె అతని తొడ గిల్లి మరీ కూర్చోబెట్టేది.

ఒక్కసారి మాత్రం ఒక నీడ లేవలేదు. సారమ్మ భర్త మొగిలిది. ఆ ఆదివారం అతను బావి తవ్వే పనికి పోయాడు. ఆశీర్వాదం అయ్యాక అన్ని నీడలూ పోయినా అతనిది గోడకు ఆనుకుని అట్లాగే ఉంది. మట్టిపెళ్ల కూలిందన్న కబురు ఆ తర్వాత వచ్చింది. ఆ నీడ నెల రోజులు చాప మీద ఉండి, ఉతికిన మరకలాగా మెల్లగా పలచబడి పోయింది. అన్నాళ్లూ సారమ్మ దాని చుట్టూ ఊడ్చిందే గాని దాని మీద చీపురు పెట్టలేదు.

సకల జనుల సమ్మె నాటికి శ్యాం జనగామలో గది తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. అంతకు ముందు ఏడు అతని దోస్తు నరేందర్ రాష్ట్రం కోసమని ఒళ్లు కాల్చుకుని చనిపోయాడు. శ్యాం ఇంటికొచ్చి తల్లిని నిలదీశాడు.

"వారం వారం వాని పేరు జెప్పి ప్రార్థన జేస్తివి గదనే అవ్వా. ఎటు పోయింది నీ ప్రార్థన?"

"నాకు తెల్వది కొడుకా" అంది సారమ్మ.

శ్యాం మళ్లీ చర్చికి రాలేదు. నీడను కూడా పంపలేదు. అయినా ప్రతి ఆదివారం ఆమె మూడో వరసలో అతని చాప అంచును అరచేత్తో సాపు చేసేది.

సమ్మెలో బస్సులు బందయ్యాయి. జనగామ నుంచి వచ్చే పాస్టరు అయ్యగారు రాలేకపోయారు. జనం కూడా తగ్గారు.

"ఒక్కదానివి ఎవలకు జెప్తవ్ వదినె? తాళమేసి ఇంట్ల పండరాదు?" అన్నాడు పాపయ్య. మొగిలి తమ్ముడు, కుంటికాలు మనిషి.

"దేవుడు మన ఇంటికి రాని రోజున్నదా? నేనొక్క రోజు తాళమేస్తనా?" అంది సారమ్మ.

ఆ ఆదివారం మనిషిగా వచ్చింది పాపయ్య ఒక్కడే. మిగతావి పన్నెండు నీడలు. వాటిలో నాదొకటి. నేను మరికొందరు చర్చివాళ్లతో పత్తి చేనులో ఉన్నాను. నీడ చూసింది మనిషికి కలలాగా గుర్తుంటుంది కాబట్టి చెప్పగలుగుతున్నాను.

కీర్తన సగంలో ఉండగా మరో నీడ వచ్చింది. గడప దగ్గర కొంచెం ఆగింది. ఎడమ భుజం వాల్చుకుని నడిచి మూడో వరసలో కూర్చుంది. శ్యాందే. సారమ్మ గొంతు ఒక్కసారి పైకి లేచింది, సంతోషంతో.

తర్వాత వాసన వచ్చింది. దీపపు బుడ్డిలో పోసే గ్యాసునూనె వాసన. ఆ నీడ తడిగా ఉంది. కింద ఈతాకు చెమ్మకు నల్లబడుతోంది.

పాపయ్య ఫోన్ తీశాడు. మూడుసార్లు చేశాడు. "బంద్ జేసిండు వదినె" అన్నాడు.

కీర్తన అయింది. ఇక ఆశీర్వాదమే మిగిలింది. సారమ్మ నిలబడి ఆ నీడను చూసింది. ఆశీర్వాదం చెబితే అది లేచి, తడిసిన ఆ కాళ్ల దగ్గరికే పోతుంది. లేవకపోతే, లేవని నీడ అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"ప్రార్థన జేద్దాం" అని మోకాళ్ల మీద కూలబడింది.

సారమ్మ ప్రార్థన పట్టుకుంటే పొయ్యి మీద అన్నం మాడుతుందని మేం నవ్వుకునేవాళ్లం. ఆ రోజు ఆమె ఇల్లిల్లూ పేరు పెట్టి ప్రార్థించింది. గొడ్లనూ చెరువునూ చెప్పింది. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవర్లను, టెంట్ల కింద కూర్చున్నవాళ్లను, లాఠీలు పట్టిన పోలీసులను, వాళ్ల తల్లులను చెప్పింది. చెప్పడానికి మనుషులు అయిపోతే రైలుపట్టా ముక్కను, చీపురును కూడా చెప్పింది.

శ్యాం నీడ చేతులు నేలకు ఆన్చి లేవబోయింది.

"కూసో బిడ్డా. ఇంక కాలే" అంది సారమ్మ కళ్లు తెరవకుండానే. నీడ కూర్చుంది.

అటు చేనులో మధ్యాహ్నం దాటింది. పత్తి చెట్ల నీడలు సాగుతున్నాయి. మా కాళ్ల కింద మాత్రం ఉత్త నేల.

"మీ సారమ్మ ప్రార్థన ఇంక ఒడవలేనట్టుంది" అని పక్క సాలులో, మా చర్చికి రాని నర్సమ్మ నవ్వింది. ఇంకాసేపటికి నవ్వడం మానేసింది. చేనుకాడి కుక్క, రోజూ మా సద్ది తినేదే, మమ్మల్ని ఎరగనట్టు దూరంగా నిలబడి మొరిగింది.

సారమ్మ గొంతు పోయింది. పాపయ్య చెంబుతో నీళ్లు తాగించాడు. గుసగుసగా మళ్లీ మొదలుపెట్టింది.

"నరేందర్ ఎందుకు పోయిండో నువ్వు జెప్పలే తండ్రీ. నాకు నీ మీద కోపం పోలేదు. అయినా ఎటూ పోలే, ఈడనే ఉన్న. నువ్వు గూడ ఉండు."

నీడ రెండోసారి కదిలింది. "ఇంక కాలే" అంది సారమ్మ. నీడ కూర్చుంది.

పొద్దు బారెడు ఉందనగా గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. వెనక ఎండ ఉంది, గడప మీద నీడ పడలేదు. తెగిన చెప్పులు చేతిలో ఉన్నాయి. అంగీ ఎండి బిరుసెక్కి, దాని మీద దారి దుమ్ము అంటుకుంది.

"ఇంకెంతసేపే అవ్వా?" అన్నాడు శ్యాం.

సారమ్మ తల తిప్పలేదు. "నడిచొచ్చినవా?"

"బస్సులు బంద్ గదా."

"పొద్దటి సంది మీ అవ్వ..." అని పాపయ్య తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అగ్గిపెట్టె చేతిలనే ఉండె చిన్నబాపూ" అన్నాడు శ్యాం. "కిందికి చూస్తె నీడ లేదు. చౌరస్తల అందరికున్నది, నాకే లేదు. ఇంక ఆశీర్వాదం కాలేదని సమజైంది. మధ్యల ఎట్ల లేచిపోవాలె?"

"కూసో మరి" అంది సారమ్మ.

అతను మూడో వరసలో, తన నీడలోనే కూర్చున్నాడు. సారమ్మ లేచి ఆశీర్వాదం చెప్పింది. గొంతు లేనందున పెదవులు మాత్రమే కదిలాయి. శ్యాం లేచాడు. అతనితో పాటు నీడ కూడా లేచింది. అదే క్షణాన చేనులో మా మడమలకు చల్లగా ఏదో తగిలింది. వంగి చూసుకుంటే మా నీడలు.

ఆ చాపను చెరువులో మూడుసార్లు ఉతికాం. వానపడిన రోజు ఇప్పటికీ గ్యాసునూనె వాసన వస్తుంది. సారమ్మ పోయాక చర్చి తాళంచెవి శ్యాం దగ్గరే ఉంది. ఆ చాపను అతనే పరుస్తాడు, దాని మీదే కూర్చుంటాడు. ప్రార్థన చేసే వంతు మాత్రం నాకు వచ్చింది. ఈ మధ్య నేను బయలుదేరకముందే నా నీడ పోయి కూర్చుంటోంది.

సౌందర్యా, నా మనుమరాలా, ఇది చదివి పేర్లు ఒకసారి సరిచూడు. పాపయ్య, నర్సమ్మ సరే. శ్యాం దోస్తు మాత్రం నరేందరో, వీరేందరో నిన్నటి నుంచి తేలడం లేదు. ఆ పిల్లగాని అమ్మను అడిగి రా. తప్పు పేరుతో ఇన్ని ఆదివారాలు ప్రార్థన చేశానేమో.