బానో తెరవనివ్వని కిటికీ

పోలీస్ యాక్షన్ జరిగి నిజాం రాజ్యం పోయిన కొన్నాళ్లకు బీదరు వైపు పల్లె నుంచి బానో, పసిపిల్లను చంకనేసుకుని బన్సీలాల్‌పేటలోని అన్న ఇంటికి వచ్చింది. భర్త ఏడని వదిన హజీరా అడిగితే బానో పిల్లను దగ్గరికి పొదువుకుంది. వెంట వచ్చిన బండివాడే చెప్పాడు, ఇంట్లో దాక్కున్న మనిషిని కిటికీ విరగ్గొట్టి వచ్చి లాక్కుపోయారని.

పీర్ మహమ్మద్ పరుపులు కుట్టేవాడు. దూది వేసుకునే వెనక గది ఖాళీ చేసి చెల్లెలికిచ్చాడు. ఆ రోజే బానో సందువైపు కిటికీ మూయించి, అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టించింది.

"ఉండనీ. భయం పోతే తనే తీయమంటది" అన్నాడు పీర్ మహమ్మద్ భార్యతో.

మరుసటేడు వానలకు ఆ గది గోడ చెమ్మెక్కింది. మూలల్లో నల్లచుక్కలుగా మొదలైన బూజు దూలం దాకా పాకింది. పరుపు తిరగేస్తే అడుగంతా నల్లగా ఉంది. హజీరా గుడ్డతో దులిపితే పోయేది, వారానికల్లా మళ్లీ వచ్చేది. పిల్ల చాంద్‌బీకి దగ్గు పట్టుకుంది. రొమ్ములో పిల్లికూతలు గది బయటికి వినిపించేవి.

సందుకు అవతల ఇల్లు సువార్తది. ఆసుపత్రిలో నర్సు. ఆమె వచ్చి పిల్ల వీపుకు చెవి ఆనించి విన్నది, గోడను వేలితో తాకి చూసింది.

"పొడిగా దులపకు హజీరా. ఆ పొడంతా పిల్ల ఛాతీలకు పోతది. తడిపి గీకాలె, సున్నం కొట్టాలె. నీళ్లు ఎక్కడికెల్లి దిగుతున్నయో మీ ఆయన్ను చూడమను. అన్నిటికన్న ముందు ఆ కిటికీ తియ్యున్రి. గాలాడకుంటే ఏం చేసినా మళ్లొస్తది."

పీర్ మహమ్మద్ కప్పెక్కి పగిలిన పెంకులు మార్చాడు. ఇద్దరూ కలిసి గోడ గీకి సున్నం వేశారు. కిటికీ మాత్రం అట్లాగే ఉండిపోయింది. కొన్నాళ్లకే సున్నం మీద నల్లచుక్కలు లేచాయి.

"జెరసేపన్న తెరుద్దాం బానో. నేను పక్కనే కూసుంట" అంది హజీరా.

"కూసుంటవు వదినె. ఆ పొద్దు నేను సుత ఆయన పక్కనే కూసున్న."



చివరికి పిల్లను సువార్త తన వరండాలో పడుకోబెట్టుకుంటానంది. నువ్వూ రమ్మంటే బానో తల అడ్డంగా ఊపింది. పిల్ల దిండు మాత్రం గడప దాకా తెచ్చి వదిన చేతికిచ్చింది. చలి ముదరకముందే చాంద్‌బీ దగ్గు తగ్గింది, బుగ్గలు నిండాయి. పగలు కూడా అక్కడే ఆడుకునేది. ఇక్కడ ఆ మూసిన గదిలో బానోకు దగ్గు మొదలైంది.

ఒకనాడు హజీరా పిల్లను తల్లి దగ్గరికి తీసుకొచ్చింది. బానో చేతులు చాపింది. గదిలోకి అడుగు పెట్టగానే పిల్ల ముక్కు మూసుకుని, "కంపు" అంటూ హజీరా చీరలో మొహం దాచుకుంది.

బానో చాపిన చేతులు మెల్లగా దించుకుంది.

"అన్న సుత్తె ఏడుంది వదినె?" అంది.

మేకులు తనే పీకింది. ఉబ్బిన రెక్క ఒక పట్టాన రాలేదు, ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. వెలుతురు పడ్డాక చూస్తే, బానో జుట్టు చెవుల పక్కన తెల్లబడి ఉంది. కిటికీ ముందే కూలబడింది. హజీరా ఆమెను పట్టుకుని పొద్దువాలేదాకా కదల్లేదు.

గది ఆరింది. ఈసారి వేసిన సున్నం తెల్లగా నిలిచింది. బానో దగ్గు మాత్రం తగ్గలేదు. సువార్త ఆసుపత్రిలో చేర్పిస్తే, ఊపిరితిత్తులు బాగా చెడ్డాయని డాక్టరమ్మ చెప్పింది. ఎండలు ముదిరే వేళకు బానో పోయింది.

చాంద్‌బీని ఇంటికి తెచ్చుకున్నారు. చాలా రోజులు సువార్త కోసం ఏడ్చింది పిల్ల. తల్లిని ఒక్కసారీ అడగలేదు. హజీరా దాన్ని ఒళ్లో వేసుకుని జోకొడుతూ, "మీ అమ్మ..." అని మొదలుపెట్టేది. అంతలోనే ఆపి, పిల్లను ఎత్తుకుని ఆ తెరిచిన కిటికీ దగ్గరికి తీసుకెళ్లేది.