ఆరోగ్యమ్మ చలి పరీక్ష

రెంటచింతలలో మే నెలంటే మాటలా! పొద్దున తొమ్మిదయిందంటే వీధిలో కుక్క కూడా కనపడదు. అలాంటి ఎండలో ఆరోగ్యమ్మ మోకాళ్ళు దిగిన బొచ్చు కోటు తొడుక్కుని, చెవులు మూసే టోపీ పెట్టుకుని, కొత్త బూట్లతో వరండాలో టకటకా నడుస్తుంటే ఎదురింటామె తలుపు తీసుకుని బయటికే వచ్చింది.

"ఏందొదినా, జొరమా?"

"జొరం కాదమ్మా, జార్జియా!" అంది ఆరోగ్యమ్మ, చెమటలు కక్కుతూనే.

సంగతేమిటంటే, హైదరాబాదులో ఉద్యోగం చేసే మనవరాలు కీర్తన వచ్చే ఫిబ్రవరిలో జార్జియా దేశం పోతోంది. ఆ దేశంలో ఎక్కడో మూలన స్వనేతి అని కొండల సీమ ఉందట. ఒక విమానం ఎక్కి, గల్ఫులో దిగి, ఇంకో విమానం ఎక్కి, దిగాక రోజంతా వ్యానులో కొండలు తిరుగుతూ పోవాలట. రాతి బురుజుల ఊళ్ళు, ఇళ్ళ కప్పుల మీద మోకాలెత్తు మంచు. ఫోనులో ఆ ఫొటోలు చూపిస్తూ, "నువ్వూ రాకూడదా నాయనమ్మా" అందా పిల్ల. ఏదో మాటవరసకే అంది. ఆరోగ్యమ్మ మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

కాపరానికి వచ్చినప్పటి నుంచీ ఏటా క్రిస్మస్‌కి పశువుల పాక కట్టి, దాని మీద చేలో పత్తి పరిచి, అదే మంచని పిల్లలకు చెబుతూ వచ్చిన మనిషి. అసలు మంచు ఎలా ఉంటుందో చచ్చేలోగా ఒక్కసారి చేత్తో పట్టి చూడాలని ఆమె కోరిక. పాస్‌పోర్టు వచ్చింది. డాక్టరు గుండె చూసి, మోకాళ్ళు చూసి, పోయి రమ్మన్నాడు. అడ్డం పడింది కొడుకు బాలశౌరి ఒక్కడే.

"డిసెంబరులో కాస్త చలిగాలి కొడితేనే రెండు దుప్పట్లు కప్పుకుంటావు. అక్కడ నీళ్ళు గడ్డకట్టే చలంట. నీకేదన్నా అయితే ఆ పిల్ల ఒక్కతీ ఏం చేసిద్ది? భాష తెలవదు, ఆస్పత్రి తెలవదు."

"అన్నీ నీకు తెలిసినట్టు! మాచర్ల దాటిస్తే దారి అడుక్కునేవాడివి నువ్వు."

"నవ్వులాట కాదమ్మా. నాకు భయంగా ఉంది."

 సెలవుకి ఇంటికొచ్చిన కీర్తన మధ్యలో అందుకుంది.

"నాన్నా, మన మిరపకాయ బస్తాలు, ఆ టిక్కీలన్నీ పెట్టిన కోల్డ్ స్టోరేజీ ఉందిగా! నాయనమ్మని అందులో కూర్చోబెడదాం. జార్జియా అంత చలి కాదులే, అయినా మన ఊరికి అదే మంచుకొండ. తట్టుకుంటదో లేదో తెలిసిపోద్ది."

బాలశౌరి గడ్డం గోక్కున్నాడు. "సరే. గంట కూర్చుంటే పంపిస్తా. ముందే బయటికొచ్చావా, ఇంక ఆ ఊసెత్తమాక."

"ఎత్తను పోరా."

మర్నాడు ముగ్గురూ నరసరావుపేట దారిలో ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళారు. అక్కడ పని చూసే ఫిరోజ్, ఆరోగ్యమ్మ వేషం చూసి నవ్వాపుకోలేకపోయాడు. "పెద్దమ్మా, ఈ కోటుని కూడా ఒక టిక్కీ కింద లెక్కేసి కిరాయి రాయాల్సొచ్చిద్ది" అన్నాడు. ముందు బాలశౌరి లోపలికి వెళ్ళి, అమ్మ కూర్చోవటానికి తమ టిక్కీ ఒకటి గోడవారగా జరిపి వచ్చాడు. తరువాత ఆరోగ్యమ్మ వెళ్ళింది. తోడు పోయిన కీర్తన మిరప ఘాటుకి వరసపెట్టి తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ వెంటనే పారిపోయి వచ్చింది.

లోపల ఆరోగ్యమ్మకి మొదట హాయిగానే ఉంది. ఒంటికి కోటు వెచ్చగా ఉంది, ఘాటు అలవాటైనదే. తమ మిరపకాయతోనే కబుర్లు పెట్టుకుని కూర్చుంది. కానీ అరికాళ్ళ నుంచి జిల్లు మొదలైంది. అది పిక్కల్లోకి పాకింది, మోకాళ్ళకి ఎక్కింది. జపమాల తిప్పింది, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని రుద్దుకుంది. ఇక లాభం లేదు. గంట కాకముందే తలుపు కొట్టింది.

బయటికి వస్తూనే సిమెంటు అరుగు మీద కూలబడింది. మంచు చూసే యోగం పోయినందుకు కాదు గానీ, కొడుకు మాటే నెగ్గినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

"నువ్వే గెలిచావు లేరా శౌరీ. నా కాళ్ళు సచ్చుబడిపోయినయ్యి."

బాలశౌరి పైకి గెలుపు చూపించలేదు. తల్లి పాదాలు చేతుల్లోకి తీసుకుని రుద్దబోయి ఆగాడు. పాదాలు ఉత్తవి. మేజోళ్ళు కూడా లేవు.

"నాయనమ్మా, బూట్లేయి?" అంది కీర్తన.

అందరూ తలుపు వైపు చూశారు. గడప బయట ఆ బొచ్చు బూట్లు, లోపల మేజోళ్ళు కుక్కి, బుద్ధిగా జతగా నిలబడి ఉన్నాయి. పక్కనే బాలశౌరి చెప్పులు.

"కాయ ఉన్న చోటికి కాళ్ళకి తొడుక్కుని ఎట్టా పోతానే?" అంది ఆరోగ్యమ్మ, అదేం ప్రశ్న అన్నట్టు. "కాయ ఆరబోసిన కళ్ళంలో ఎవరన్నా చెప్పులేసుకుంటారా?"

"అది కళ్ళం కాదు నాయనమ్మా, కోల్డ్ స్టోరేజీ!"

"కాయ మనదేగా."

కీర్తన తండ్రి వైపు తిరిగింది. బాలశౌరి తన కాళ్ళు తను చూసుకున్నాడు. వచ్చీరాగానే చెప్పులు విప్పింది ఆయనే. టిక్కీ జరిపి రావటానికి నిమిషం పట్టలేదు, అంతలోకే తన కాళ్ళు కొంకర్లు పోయాయి. ఆ సిమెంటు మీదే అమ్మ అంతసేపు ఒట్టి కాళ్ళతో ఉంది!

బాలశౌరి లేచాడు. మేజోళ్ళు తెచ్చి తల్లి కాళ్ళకి తొడిగాడు, బూట్లు ఎక్కించి తాళ్ళు బిగించాడు.

"పో, మళ్ళీ కూర్చో."

"తప్పు కదరా?"

"నేను చూసుకుంటాలే. పో."

ఆరోగ్యమ్మ సిలువ గుర్తు వేసుకుని, కాయకి క్షమాపణ చెప్పుకుని, బూట్లతో లోపలికి అడుగు వేసింది. ఈసారి అరికాళ్ళకి చలి తెలియలేదు. టిక్కీ మీద కూర్చుని, ఫిరోజ్ పెళ్ళి సంబంధాల దగ్గర నుంచి ఈ ఏటి మిరప తెగులు దాకా తలుపు సందులోంచి కబుర్లు చెబుతూనే ఉంది.

"పెద్దమ్మా, తలుపు వెయ్యనియ్యి, చలంతా పోతా ఉంది!" అని మొత్తుకున్నాడు ఫిరోజ్.

చివరికి బాలశౌరే వచ్చి పిలిచాడు. "అమ్మా, గంట దాటింది. రా ఇంక."

"ఉండరా, చల్లగా బాగుంది. బయట ఎండ మండిపోతంది."

"మిగతాది ఫిబ్రవరిలో కూర్చుందువుగానీ, రా" అన్నాడు బాలశౌరి.