డబ్బాలో పెట్టిన పేడ

నా మొగుడు మునికృష్ణకు అరవై దాటినాయి, బుద్ధి మాత్రం రాలేదు. ఏం చేసినాడో ఇని, ఆమీద నన్ను గయ్యాళి అనండి.

పోయినేడు కుప్పంలో మా బావ పెద్దపేగు క్యాన్సర్‌తో పాయె. బాగా ముదిరినాక గానీ తెలీలేదు. సొంత అన్నకు వచ్చింది కాబట్టి నువ్వు పేగులోకి కెమెరా పెట్టి సూసే పరీక్ష చేయించుకుంటే మేలని మదనపల్లె డాక్టరమ్మ ఈయప్పకు చెప్పింది. ఒద్దంటే ఒద్దన్నాడు. "సరే, కనీసం దొడ్డికి పోయినప్పుడు రవ్వంత తీసి దీంట్లో పెట్టియ్యి. కంటికి కనపడని రక్తమున్నా తెలుస్తాది" అని చిన్న డబ్బా ఇచ్చింది. ఇచ్చొచ్చినాడు. ఏమీ లేదని రిపోర్టొస్తే, నేను సోమల గుళ్లో టెంకాయ కొట్టొచ్చినా.

మొన్నొక దినం తెల్లారి కొట్టంలో పేడెత్తతా ఉంటే, పక్కింటి రాజేంద్రతో ఈయప్ప నవ్వతా అంటాండాడు: "నీకూ డబ్బా ఇచ్చినారా? ఆవుపేడ పెట్టియ్యప్పా. నేనట్లే చేసినా, ఎవురికి తెలిసింది?"

పేడతట్ట ఆడే ఇసిరికొట్టి బయటికొచ్చినా.

"నీ మొగం మండా! దినామూ ఆవు పేడ వంగి వంగి సూస్తావే, కొంచెం పల్చగుంటే పశువుల డాక్టరుకు ఫోన్ కొడతావే! నీది నువ్వు తీసిచ్చేదానికి సిగ్గొచ్చిందా? నేను టెంకాయ కొట్టింది ఆవు కోసమా?"

రాజేంద్ర మెల్లగా జారుకున్నాడు. ఈయప్ప తలొంచుకున్నాడు.

"సిగ్గు కాదు మే. అన్న మాదిరి నాకూ ఉండాదంటే ఎట్లని... బయం."

"నాకు లేదా బయం? నువ్వు పోతే నేను యాడికి పోవల్ల?"

ఆ వారమే మదనపల్లెకు లాక్కొని పోయి కెమెరా పరీక్ష చేయించినా. పేగులో రెండు చిన్న బుడిపెలుంటే అప్పుడే తీసేసినారు. ఇంకా క్యాన్సర్ కాలేదంట, వదిలేసింటే అయ్యుండొచ్చంట.

"మా బావకూ ఇట్లే మొదలైంటాదా అమ్మా?" అని అడిగినా.

"ఎక్కువ మందికి ఇట్లే మొదలౌతాదమ్మా" అనింది డాక్టరమ్మ.

బస్టాండులో ఈయప్ప మెల్లగా అడిగినాడు. "ఇంకా కోపమేనా?"

"కోపమే! మీ వదిన గోవిందమ్మను ఏ మొగం పెట్టుకొని సూస్తావు? మీ అన్నకు డబ్బా ఇచ్చేవాళ్లు లేక పాయె. నీకు చేతికిస్తే పేడ పెడితివి!"

ఈయప్ప ఏడస్తా నా చెయ్యి పట్టుకున్నాడు. నేను ఇడిపించుకోలేదు. తిట్టేదీ మానలేదు.