పరారీ కాదు, తప్పిపోయాడు

నేను ఒక ఇంగ్లీషు టైపు మిషన్ని. కలకత్తాలో పుట్టి, తణుకులో ఒక వకీలు గారి ఆఫీసులో పెరిగాను. ఆయన పోయాక గుమస్తా భద్రిరాజు గారి వెంట కోర్టు ఎదుట రేకుల షెడ్డులోకి వచ్చి పడ్డాను. రోజంతా మొట్టికాయలు తినడమే నా ఉద్యోగం.

భద్రిరాజు గారు ముప్పై ఏళ్లుగా పోలీసు కాగితాలు కొట్టి కొట్టి ఉన్నారేమో, కొన్ని మాటలు బుర్రను అడక్కుండానే ఆయన వేళ్లలోంచి జారిపడేవి. అలాంటిదే 'అబ్‌స్కాండింగ్', అంటే పరారీ. మనిషి కనబడలేదంటే చాలు, అదే కొట్టేవారు.

ఒకరోజు పొద్దున్న సత్యవేణి అనే ఆవిడ వచ్చింది. ఆమె భర్త నూకరాజు తాపీమేస్త్రీ. గోడ మీంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఇంటిదారి కూడా గుర్తుండదు. గడ్డం గీయించుకొస్తానని వెళ్లి నాలుగు రోజులైనా రాలేదట. ఎస్పీ గారికి ఇంగ్లీషులో అర్జీ పెడితే పని త్వరగా కదులుతుందని ఎవరో చెప్పారట. ఇంగ్లీషంటే మనవాళ్లకు అంత నమ్మకం!

భద్రిరాజు గారు చిటికెలో కొట్టేశారు. సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించడం ఆయన అలవాటు. "నా భర్త నాలుగు రోజులుగా పరారీలో ఉన్నాడు" అని చదవగానే ఆవిడ కలం కింద పెట్టేసింది.

"తప్పు చేసి పారిపోయినోళ్లని కదండీ అలాగంటారు. ఆయన తప్పిపోయారండి."

ఇంగ్లీషులో రెండూ ఒకటేనమ్మా అన్నారాయన. నాకు ఒళ్లు మండింది. ఒకటెలా అవుతాయి? 'అబ్‌స్కాండింగ్' అని చదివిన పోలీసు, ఏం చేశాడని అడుగుతాడు. 'మిస్సింగ్' అని చదివితే, ఎలా ఉంటాడని అడుగుతాడు.

ఆవిడ సంతకం చెయ్యలేదు, వాదించలేదు, బల్ల ముందు నుంచి కదల్లేదు. వెనక జనం పెరిగారు. చివరికి ఆయన గొణుక్కుంటూ కొత్త కాగితం ఎక్కించి, 'మిస్సింగ్' అని ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టారు. ఆవిడ చెబుతుంటే గుర్తులు కూడా చేర్చారు: ఎడమ చెవి కింద మచ్చ, నీలం గళ్ల లుంగీ, పేరు పెట్టి పిలిస్తే పలకడు గానీ అన్నం తింటావా అంటే తలెత్తుతాడు.

పదకొండో రోజున రాజమండ్రి రైలు స్టేషన్లో ఒక కానిస్టేబులు, మచ్చ చూసి అనుమానం వచ్చి, అన్నం తింటావా అని అడిగాడట. నూకరాజు తలెత్తాడు.

ఆవిడ అతన్ని వెంటబెట్టుకుని మా షెడ్డుకు వచ్చింది. "ఈయనేనండి" అంది, అంతే. భద్రిరాజు గారు లేచి తన కుర్చీ అతనికి వేశారు.

"పొరపాటైపోయిందమ్మా, క్షమించండి" అన్నారు.

ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్లో ఉన్నాను. ఇన్నేళ్లలో ఎన్ని వేల కాగితాలు కొట్టానో. మనిషిని ఇంటికి చేర్చింది మాత్రం, నాకు తెలిసి, ఆ ఒక్కటే.