పిడికెడు తల్లిమట్టి

మొక్కల్ని పస్తు పెట్టే చదువేమిటని మొదటిరోజే గొణిగాను. థాయ్‌లాండ్‌లో, లంపాంగ్‌లోని ఈ ప్రయోగశాలలో ఇరవై ఏళ్లుగా మట్టి ఉడికించేది నేనే. పురుగూ బూజూ ఏదీ బతక్కుండా ఆవిరి పట్టించి కుండీలు నింపుతాను. పరిశోధన చేసే వారీ అనే అమ్మాయి అందులో నూట ఇరవై యాంగ్ అడవిచెట్టు మొక్కలు నాటింది. సగం మొక్కల వేళ్లకు, మట్టిలోని సారం అందించే తోప్ పుట్టగొడుగు బూజు ఎక్కించింది. మిగతా సగానికి ఏమీ లేదు. రెంటికీ తేడా చూపిస్తేనే ఆ పిల్లకు పట్టా.

"బూజు లేని ఈ సగాన్ని ఇలాగే వదిలెయ్యాలి పిన్నీ. జాలిపడి జిగురన్నం ముద్దలు పెట్టేవు, జాగ్రత్త!" అని నవ్వేది.

బూజు అందినవి కళకళలాడుతుంటే, అందనివి పాలిపోయి గిడసబారాయి. రోజూ నీళ్లు పోసేదాన్ని, ఎలా చూస్తూ ఊరుకోను? మా ఊళ్లో తల్లిచెట్టు కింది మట్టి పిడికెడు వెయ్యకుండా ఎవరూ యాంగ్ మొక్క నాటరు. వారీ ఊరెళ్లిన వారంలో అడవినుంచి సంచీడు మట్టి తెచ్చి, వాటికి తలా పిడికెడు వేశాను. పుణ్యం చేశాననే అనుకున్నాను, నా మొహం!

ఈ ఉదయం వారీ ఆ మొక్కల్లో కొన్నిటి వేళ్లు కడిగి మైక్రోస్కోపు కింద పెట్టింది. అన్నిటికీ తెల్లటి బూజు తొడుగులే, నా అడవి మట్టితో వచ్చినవి. వారీకి పాఠం చెప్పే తవిన్ సార్ మండిపడ్డారు.

"అక్కడి బూజు ఇక్కడ అంటకుండా చేతులు కడుక్కోవడం కూడా నేర్పాలా నీకు? రెండేళ్ల కష్టం బూడిదలో పోశావు కదమ్మా!"

"కడుక్కున్నాను సార్. ఎక్కడ పొరపాటు జరిగిందో..." అంది వారీ.

నోరు విప్పితే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా నా పాపానికి ఆ పిల్ల తిట్లు తినడం చూడలేకపోయాను.

"నేనే సార్. అడవి మట్టి వేశాను. ఆకలికి మాడుతున్నాయని..."

సార్ తల పట్టుకున్నారు. వారీ మాత్రం నా చెయ్యి పట్టుకుంది. కళ్లలో కోపం లేదు, ఆశ ఉంది.

"అన్నిటికీ వేశావా పిన్నీ? గుర్తు చేసుకో. వెయ్యనివి పది దొరికినా గట్టెక్కుతాను."

"తొమ్మిదింటికి వెయ్యలేదమ్మా."

"ఏవవి? చూపించు!"

"అవప్పటికే ఎండిపోయాయి. చూస్తే బాధపడతావని పీకి పారేసి, నర్సరీలో మిగిలినవి పెట్టాను."

వారీ చెయ్యి వదిలేసింది.

"ఆ ఎండిపోయినవే కదా పిన్నీ నాకు కావలసింది," అంటూ నేలమీద కూలబడి ఏడ్చింది. నేను అక్కడే నిలబడ్డాను. ఓదార్చడానికి నాకు మొహమెక్కడిది?