నాలుగో కార్డు

పిట్ట ఒంటికి బూజు పట్టిన గుడ్డ వాసన ఉండేది. ఏడేళ్ళ పిల్లకి రోజుకి మూడు స్నానాలు చేయించినా పోయేది కాదు. అది ఒంటి మురికి కాదు, రక్తంలో లోపమని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. పాలలో, పప్పులో, గుడ్డులో ఉండే ఒక పదార్థాన్ని పుట్టుకతోనే పిట్ట ఒళ్ళు అరిగించుకోలేదు. అది పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది. అందుకే తల్లి అన్నం కూడా తూచి పెడుతూ, కళ్ళలో వత్తులు వేసుకుని కాపలా కాసేది.

ఇప్పుడు ఒక కొత్త మందు వచ్చింది. అందరికీ పనిచేయదట, మూడు వారాలు వేసి చూడాలట. మందుకు ముందోసారి, తర్వాత వారానికోసారి ఇంట్లోనే వేలు పొడిచి, కార్డు మీద గీసిన వలయాల్లో రక్తపు చుక్కలు నింపి, నీడలో ఆరబెట్టి పంపాలి. నాలుగు కార్డులూ చేరాకే ఫలితం చెబుతారు. రక్తంలో ఆ పదార్థం మూడో వంతు తగ్గి, తగ్గినట్టే నిలిస్తే మందు కొనసాగిస్తారు. లేదంటే ఆపేస్తారు.

తల్లి మాత్రం కార్డులకంటే తన ముక్కునే నమ్ముకుంది. వాసన పోతే మందు పనిచేసినట్టే, పోకపోతే లేనట్టే. ఆవిడ తెలివికి ఏ పరీక్షలూ సరిపోవు మరి.

రెండో వారం దాటినా వాసన పోలేదు. దుప్పట్లు ఉడకబెట్టి ఉతికింది, పరుపులు ఎండలో వేసింది, గోడలకి సున్నం కొట్టించింది. పిట్ట బడికి వెళ్ళాక, తలుపులు మూసి ఒక్కతే కూర్చున్న గదిలోనూ అదే వాసన. వంటగదిలోకి వెళితే తన వెనకే వచ్చింది. వీధిలోకి వెళితే వీధిలోకీ వచ్చింది. భర్తతో చెబితే, కడుపుతో ఉన్నవాళ్ళ ముక్కు పోలీసు కుక్క ముక్కులా పనిచేస్తుందని నవ్వేశాడు.

పిట్ట కూడా మారింది. ఇదివరకు పలకరిస్తే చూపు ఎటో పోయేది. ఇప్పుడు రెప్ప వేయకుండా తల్లినే చూస్తోంది. తల్లి మెడలో ముఖం దాచుకుని పడుకునే పిల్ల, దుప్పటి ముఖం మీదకి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంటోంది. తన పిల్లని ఎవరో ఎత్తుకుపోయి, ఆ చోట ఇంకో పిల్లని పడుకోబెట్టారేమో అనిపించింది తల్లికి.

మూడో వారం చివరికి మందు పనిచేయలేదని తనే తేల్చేసుకుంది. ఆపేస్తే పిట్టకి ఇంకో దారి లేదు. తలుపు గడియ పెట్టి, గుట్టుచప్పుడు కాకుండా సూదితో తన వేలే పొడుచుకుంది. ఏ రోగమూ లేని తన రక్తంతో వలయాలు నింపి, పైన పిట్ట పేరు రాసింది.

ఫలితాల రోజున తల్లి పిట్టని కూడా తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కాగితం చూస్తూ పెన్ను ఆడించింది. మందుకు ముందు ఆరువందల ఎనభై. తర్వాత నాలుగువందల నలభై, ఆపైన నాలుగువందలు. నాలుగో కార్డు ఏడువందల ముప్పై.

"అంత బాగా దిగి మళ్ళీ ఎక్కిందంటే మందు నిలవడం లేదమ్మా. ఆపేద్దాం" అంది.

తల్లికి అప్పుడర్థమైంది. మందు పనిచేసింది. చెడగొట్టింది తనే. సంతోషమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"ఆపకండి మేడమ్. నాలుగోది పిట్ట రక్తం కాదు. నాది."

చీవాట్లు పడతాయనుకుంది. కానీ డాక్టరమ్మ ఆ ఏడువందల ముప్పైని మళ్ళీ చూసింది, తర్వాత తల్లిని చూసింది. పక్కనున్న నర్సు లేచి కిటికీ తెరిచింది. పిట్టకి మళ్ళీ పరీక్ష చేద్దామని, అప్పటిదాకా మందు ఆపనని డాక్టరమ్మ మాట ఇచ్చింది. తల్లి దణ్ణం పెట్టబోయింది.

"ఉండమ్మా. ఇది మీ రక్తమే అయితే ఈ జబ్బు మీకూ ఉంది. కొందరికి పెద్దయ్యేదాకా బయటపడదు." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మీ సంగతి తర్వాత. తల్లి రక్తంలో అది ఇంత ఉంటే లోపలి బిడ్డ మెదడుకి ప్రమాదం. ఎన్నో నెల?"

తల్లి చెయ్యి పొట్ట మీదకి పోయింది.

"అయిదో నెలండీ" అని పిట్ట చెప్పింది.