గడప ఇవతలి సాక్ష్యం

మగ్గం గదిని గడప దాకా అలకడం హన్మమ్మ పని. గడప దాటి జానెడు అలికినా తప్పే. గుట్టమీది రంగన్నస్వామికి నేసే జోడుపంచెలు మగ్గం మీద ఉన్న నలభై ఒక్క రోజులూ లోపలి నేల సంగతి ఆమె మొగుడు ఈరన్నే చూసుకోవాలి. అతను చూసుకునేవాడు కాదు. మూలల్లో దూది నలకలు పేరుకుంటుంటే ఆమె పేడనీళ్ల చెయ్యి గాలిలో ఆపి, గడప ఇవతల గొంతుక్కూర్చుని వాటినే చూస్తుండేది. ఎత్తుకొచ్చి పారేయడానికి నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో తనకేమవుతుందో, దేవుడికేమవుతుందో కాపురానికొచ్చిన ఈ పదహారేళ్లలో ఎవరూ చెప్పలేదు.

దీక్ష ఈరన్నది. ఒంటిపూట భోజనం ఇద్దరిదీ. తెల్లవారకముందే తడిబట్టతో నీళ్లు మోసేది ఆమె, పోగుకు గంజి కాచేది ఆమె, వాకిట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది ఆమె. చుట్టిన కండెలను గంపలో పెట్టి గడప మీద ఉంచితే, ఈరన్న వాటిమీద తులసినీళ్లు చల్లి లోపలికి తీసుకునేవాడు. మొదటి ఏడు ఆ నీళ్లు చల్లడం చూసి ఆమె ముఖం మండిపోయింది. చుట్టేటప్పుడు లేని మైల, చెయ్యి వదలగానే కండెకు ఎట్లా అంటుకుందా అనుకుంది. "ఏం జూస్తున్నవ్? రేపటి కండెలెవరు చుడుతరు?" అన్నాడు ఈరన్న. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. అదే ఆమెకు ఎక్కువ గుర్తుండిపోయింది.

నేత ఆమెకు రానిది కాదు. అయిజలో పుట్టింట్లో మగపిల్లలు లేకపోతే తండ్రి ఆమెనే మగ్గం గుంతలో దింపాడు. ఆమెది ఎడమచేతి వాటం. తెగిన పోగును అతికేటప్పుడు అందరి చెయ్యి ఒకవైపు మెలిపెడితే ఆమె చెయ్యి రెండోవైపు మెలిపెట్టేది. "నీ అతుకును కండ్లు మూసుకొనిగూడ గుర్తుపడ్త బిడ్డా" అని తండ్రి నవ్వేవాడు. గద్వాలకు కోడలై వచ్చాక ఆ చేతికి పని పోయి తిట్లు మిగిలాయి. "ఎడంచేత్తోని ఒడ్డిస్తవేందే, ఇది అన్నమా పిండమా?" అని అత్త కిష్టమ్మ గరిటె లాక్కునేది. ఆ తిట్లు తిని తిని హన్మమ్మ కుడిచేత్తో వడ్డించడం నేర్చుకుంది. నీళ్లు కుడిచేత్తో ఇవ్వడం, బొట్టు కుడిచేత్తో పెట్టుకోవడం నేర్చుకుంది. నాలుగేళ్ల నుంచి ఈరన్నకు సన్నపోగు కనబడడం మానేశాక మాత్రం ఆ ఎడమచేతికి ఇంట్లో మళ్లీ అవసరం వచ్చింది. అమ్మకం చీరలు నేసేటప్పుడు "ఏమే, జర ఇట్ల రా" అని పిలిచేవాడు. ఆమె వచ్చి, తెగిన పోగు వెతికి, అతికి, పొయ్యి దగ్గరికి పోయేది. ఊళ్లో అది ఈరన్న నేత.

ఆ ఏడు దావా నడుస్తున్నది. ఉత్సవం మొదటిరోజు నేతవాళ్లు జోడుపంచెలు తలమీద పెట్టుకుని గుట్ట ఎక్కుతారు. సగం మెట్ల దగ్గర ఒక బల్లపరుపు రాయి ఉంది. అంతవరకే. పంచెలు ఆ రాయిమీద పెట్టి వెనక్కి జరిగితే, గుడి మనిషి వచ్చి నీళ్లు చల్లి, ఎత్తుకుని పోతాడు. మూడేళ్ల కింద కులపెద్ద శంకరయ్య, పంచెలు కప్పుకున్న స్వామిని ఒక్కసారి చూడాలని రాయి దాటి రెండు మెట్లెక్కాడు. గుడివాళ్లు నెట్టేశారు. ముసలాయన తలపాగా మెట్లమీద దొర్లుకుంటూ పోయింది. నేతవాడలోని మగవాళ్లంతా ఏకమై అదాలతుకెక్కారు. మేము నేసిన గుడ్డ దేవుని ఒంటిమీదికి పోవచ్చు, మేము గుమ్మం దాకా పోకూడదా అన్నది వాళ్ల మాట. ఆ మాట విన్న రోజు హన్మమ్మ రాట్నం ఆపి, ఎంత న్యాయంగా అడిగారు అనుకుంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అదే ప్రశ్న తన ఇంటి గడప మీద కూడా అడగవచ్చని అప్పుడు తోచలేదు.

నేతవాళ్ల వకీలు దావాను నియమం మీద నిలబెట్టాడు. నలభై ఒక్క రోజులు ఒంటిపూట ఉండి, ఆడదాని నీడ పడని గదిలో నేసేవాడు శుచిలో ఎవరికీ తీసిపోడని వాదించాడు. ఆ వాదన కోసం ఈరన్న పాలమూరు అదాలతుకు పేషీలకు తిరిగాడు. రైలెక్కి పోతే మూడు రోజులకు గాని వచ్చేవాడు కాదు. మొదటి పేషీకి అతను పోయిననాడు గడప ఇవతల నుంచి చూస్తే మగ్గం మీద నేసిన గుడ్డ నాలుగు మూరలు కూడా లేదు. ఉన్నదాంట్లో తెగిన పోగులు పురుగు తిన్నట్టు కనబడుతున్నాయి. ఆమె వెనక కిష్టమ్మ వచ్చి నిలబడింది.

"ఏం జూస్తవ్? దిగు" అంది.

"అత్తా, నియమం..."

"నియమం పంచెలు నేస్తదా? మీ మామ జరమొచ్చి పండుకున్న యేడు ఎవరు నేసిండ్రనుకున్నవ్? దిగు. నేను వాకిట్ల కూసుంట."

హన్మమ్మ తలస్నానం చేసి వచ్చి గడప దాటింది. ముందు మూలల్లోని నలకలు ఏరింది. తర్వాత ఈరన్న నేసినదాంట్లో రెండు మూరలు పోగు పోగూ విప్పింది. తర్వాత ఎడమచేత్తో పోగుల మధ్యకు నాడె విసిరింది. అన్నానికి, నీళ్లకు, బొట్టుకు పనికిరాని ఆ చెయ్యి మగ్గం మీద ఎవరి భయమూ లేకుండా ఆడింది. పోగులన్నీ అద్దంలో చూసినట్టు తేటగా కనబడ్డాయి. మూడు పేషీల్లో, తొమ్మిది రోజుల్లో, జోడుపంచెలు పూర్తయ్యాయి. ఈరన్న పాలమూరులో ఉన్నాడని వాడంతటికీ తెలుసు. అతని మగ్గం ఆడిన చప్పుడు వాడంతా విన్నది. ఒక్కరూ అడగలేదు. ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు అట్లాంటి చప్పుడు అయి ఉంటుందని ఆమెకు అప్పుడే అర్థమయింది.

తిరిగి వచ్చిన ఈరన్న పంచె అంచును వేళ్లతో తడిమాడు. అతుకుల దగ్గర వేలు ఆగింది. కళ్లు చూడలేని మెలికను వేలు చూసింది.

"ముట్టు దినాలు గాదు గద?" అన్నాడు.

"గాదు."

అతను అడిగింది అదొక్కటే. బాగుందనలేదు, చెడిందనలేదు. మర్నాడు పంచెలు మడిచి కొత్త కుండలో పెట్టి, మూతికి గుడ్డ కట్టాడు.

ఆ చప్పుడు సంగతి గుడివాళ్ల చెవిదాకా పోయినట్టుంది. ఈరన్న అదాలతులో నిలబడి ఉండగా అతని మగ్గం ఎట్లా ఆడింది, ఇంటి ఆడమనిషినే అడగాలి అని వాళ్ల వకీలు అర్జీ పెట్టాడు. ఆమె చెప్పే బయాను రాసుకోవడానికి అదాలతు అమీను గద్వాలకు వచ్చాడు. అతను రాకముందే శంకరయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. ఎన్నడూ ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడని మనిషి, వాకిట్లో నేలమీదే కూర్చున్నాడు.

"బిడ్డా, వాడల నాలుగు వందల మగ్గాలున్నయి. అన్నీ నీ ఒక్క మాట మీద ఉన్నయి."

"నేను నేసిన్నని నీకు తెల్సు గద మామా."

ముసలాయన తల దించుకున్నాడు. "తెల్సు. మా అమ్మ సుత నేసింది. గని ఆ మాట జెప్తే మనల్ని రాయి కాడికి సుత రానియ్యరు."

అతని తలపాగా దొర్లిన మెట్లు ఆమె కళ్లముందు కనబడ్డాయి. తన మాటతో అది మళ్లీ దొర్లాలా? నిజం చెబితే గెలిచేది ఎవరు? ఆమెను ఏనాడూ మనిషిగా లెక్కపెట్టని గుడివాళ్లే. అబద్ధం చెబితే గెలిచేది ఎవరు? ఆమెను లెక్కలోకి తీసుకోని వాడ. రెండువైపులా తను లేదు. అయినా ఒకవైపు తన తండ్రి ఉన్నాడు, తన తండ్రి తండ్రి ఉన్నాడు, రాయి దగ్గర చేతులు కట్టుకుని వెనక్కి జరిగినవాళ్లంతా ఉన్నారు.

అమీను వాకిట్లో, ఆమె తలుపు వెనకాల. దేవుని మీద ప్రమాణం చేయించాడు.

"ఆ నలభై ఒక్క రోజులల్ల మగ్గం అర్రలకు పోయినవా?"

"పోలే. గడప దాక అలికిన. గడప దాటలే."

"నీ మొగడు లేని దినాలల్ల మగ్గం చప్పుడైందంటున్నరు."

వాడంతా విన్న చప్పుడును ఆమె ఒక్కతే వినలేదని చెప్పాలి.

"నేను ఇనలే" అంది.

అమీను కాగితం మీద గీకి, సిరా రాసిన చెక్కను తలుపు సందులోంచి చాపాడు. "ఎడమచేతి బొటనవేలు" అన్నాడు. అలవాటుగా చాచిన కుడిచేతిని హన్మమ్మ వెనక్కి తీసుకుంది. అంత పెద్ద ఇంట్లో, అంత పెద్ద వాడలో ఆమె ఎడమచేతిని కావాలని అడిగింది అదాలతు ఒక్కటే. అదీ, ఆ చెయ్యి ఏ పనీ చేయలేదని రాసుకోవడానికి.

ఉత్సవం నాలుగు రోజులుందనగా ఫైసలా వచ్చింది. నేతవాళ్లు పంచెలను తామే గర్భగుడి గుమ్మం దాకా మోయవచ్చు. వాడలో డప్పులు మోగాయి. శంకరయ్య కొత్త తలపాగా చుట్టాడు. ఉత్సవం మొదటిరోజు పొద్దు ఎక్కుతుండగా ఊరేగింపు గుట్ట ఎక్కింది. ముందు కుండ మోసే ఈరన్న, అతని వెనక మగవాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు. రాయి దగ్గరికి రాగానే శంకరయ్య వెనక్కి తిరిగాడు.

"ఆడోళ్లు ఈడనే ఆగుండ్రి. ఫైసలాల మీ ముచ్చట లేదు."

హన్మమ్మ పాదం అప్పటికే రాయి అవతలి మెట్టుమీద ఉంది. ఎవరూ ఆమెను నెట్టలేదు. ఆమే తీసుకుంది.

ఇంకా కింద, పది మెట్లకు దిగువన, స్వామికి ఏటేటా చెప్పులు కుట్టే మాసయ్య నిలబడి ఉన్నాడు. పక్కన అతని భార్య నర్సమ్మ చాటలో కొత్త చెప్పులు పట్టుకుని ఉంది. మాసయ్య చేతులు జోడించి, "పెద్దయ్యా, ఈయేడు మేం సుత మీ ఎన్క రాయి దాక వస్తం" అన్నాడు.

"నీదీ మాదీ ఒక్కటేనారా? నీ దావా నువ్వేస్కో" అన్నాడు శంకరయ్య, నవ్వుతూ.

మూడేళ్ల కింద ఆయనను నెట్టినవాళ్లు కూడా నవ్వుతూనే నెట్టారు. హన్మమ్మకు అది గుర్తొచ్చింది. తను ప్రమాణం చేసింది ఈ నవ్వు కోసమా? మగవాళ్లు పైకి పోయాక ఆమె రాయి వదిలి, పది మెట్లు దిగి, నర్సమ్మ పక్కన కూర్చుంది. నర్సమ్మ గాభరాగా జరగబోయింది.

"కూసో" అంది హన్మమ్మ. చాటలోని చెప్పులు చూసింది. అంచు కుట్టు చీమలబారులా సన్నగా ఉంది. "ఇది ఎవరి చెయ్యి?"

నర్సమ్మ మొగుడివైపు చూసింది. పైనున్న గుడివైపు చూసింది. తర్వాత తన వేళ్లకున్న సూది గాట్లను కొంగులో దాచుకుంది.

గంట తర్వాత ఈరన్న దిగివచ్చాడు. అతని ముఖం అట్లా వెలగడం పెళ్లినాడు కూడా ఆమె చూడలేదు.

"స్వామిని జూసిన హన్మీ! ఇంత దగ్గర! అయ్యగారు పంచె ఇప్పి, ఇంత సన్నని నేత తన పుట్టుకల చూడలేదన్నడు. ఎవరి చెయ్యి అన్నడు."

"ఏమన్నవ్?"

"నాదే అన్న. ఇంకేమంట? వచ్చే యేటి పంచెలు సుత మన ఇంటికే ఇచ్చిండ్రు." ప్రసాదం చాపాడు. ఆమె ఎడమచెయ్యి చాచింది. "కుడిచెయ్యి" అన్నాడు. ఆమె చెయ్యి మార్చలేదు. అతను అటూ ఇటూ చూసి, ఆ చేతిలోనే పెట్టాడు. ఆమె అందులో సగం నర్సమ్మకు ఇచ్చింది.

"వచ్చే యేటికి పేషీలుండవు" అన్నాడు ఈరన్న గొంతు తగ్గించి. "నేనే కూసుంట. పోగు తెగినప్పుడు నువ్వు జర వస్తే చాలు. ఎవరికి తెల్వదు."

హన్మమ్మ అతని కళ్లలోకి చూసింది. రెండింటి మీదా పాలపొర లాగా ఏదో పరుచుకుని ఉంది. ఆ కళ్లమీద ఆమెకు జాలి కలిగింది. ఆ జాలి ఉండగానే లేచి కొంగు దులుపుకుంది.

"గడప దాటలేదని దేవుని మీద ప్రమాణం జేసిన" అంది. "ఇంతవరకు అది అబద్ధం. వచ్చే యేటి నుంచి నిజం జేస్త."